ఛాతీ మీద రింగు ఉన్న హార్నెస్: లాగే లాబ్రడార్‌తో చాలాకాలం వాడాక

ఈ హార్నెస్‌లో, అంటే కుక్క ఒంటికి తొడిగే పట్టీల తొడుగులో, నన్ను కట్టిపడేసింది ఒక్కటే, ఛాతీ మీద ఉన్న చిన్న లోహపు రింగు. మెత్తటి లైనింగ్, రాత్రిపూట మెరిసే పట్టీ, వీపు మీద హ్యాండిల్ లాంటివి ఇప్పుడు ఏది కొన్నా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆ రింగు గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ దాన్ని తెగ పొగిడాను. ఇప్పటికీ పొగుడుతాను, కాకపోతే పక్కన నాలుగు షరతులు చేర్చి.

మాది మగ లాబ్రడార్. ఇది కొన్నప్పుడు వాడి బరువు 38 కిలోలు. మనిషి కనబడితే మీదికి ఎగరడం, పిల్లి కనబడితే దూకడం, ఏమీ కనబడకపోతే ఊరికే లాగడం వాడి పద్ధతి. కోపమన్నది లేదు, ఉన్నదంతా ఉత్సాహమే. ఆ ఉత్సాహాన్ని ఒక చేత్తో పట్టుకున్నవాళ్లకి భుజం ఏమవుతుందో తెలుసు. మెడ బెల్ట్‌కి లీష్ తగిలించి నడిపించినన్నాళ్లూ దగ్గుతూనే లాగేవాడు, లాగుతూనే దగ్గేవాడు. మెడ బెల్ట్‌తో లాగినప్పుడు కుక్కల కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, హార్నెస్‌తో అలా పెరగలేదనీ 2006లో ఒక అధ్యయనం తేల్చింది. మా డాక్టర్ ఆ మాట చెప్పినప్పటి నుంచి మెడ బెల్ట్ ఫోన్ నంబరు బిళ్లకే పరిమితమైంది.

మధ్యలో వీపు మీద రింగు ఉండే మామూలు హార్నెస్ ఒకటి వాడాం. గొంతుకి సుఖమే గానీ చేతికి నరకం. కాడి కట్టిన ఎద్దులా ఛాతీ మొత్తం ఆనించి లాగే సదుపాయం వాడికి మేమే సమకూర్చినట్టయింది. మంచుబండ్లు లాగే కుక్కలకు తాడు వెనక వైపే ఎందుకు కడతారో అప్పుడు అర్థమైంది.

ఛాతీ రింగు పని చేసే తీరు వేరు. కుక్క ముందుకు దూకగానే లీష్ దాని ఛాతీని పక్కకి తిప్పుతుంది. ఒళ్లు మనవైపు తిరిగిపోయాక ముందుకు లాగడానికి పట్టు దొరకదు. నొప్పి పెట్టడం, గొంతు నొక్కడం ఏమీ లేదు, లాగినా ముందుకు పోలేకపోవడం తప్ప. మావాడు మొదట్లో తెల్లమొహం వేశాడు. తిరిగి నా మొహంలోకి చూశాడు. వాడు చూసిన ప్రతిసారీ ఒక ట్రీట్ పెట్టాను. నిజానికి అసలు శిక్షణ అంతా ఆ చూపులోనే ఉంది. రింగు వాణ్ణి నావైపు తిప్పుతుంది, తిరిగాక ఏం చేయాలన్నది నా పని. ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా రాయలేదు. పైగా తొడగ్గానే కుక్క లాగడం మానేస్తుందన్నట్టు బొమ్మలు వేశారు.

మా అమ్మ అప్పటిదాకా వాణ్ణి గేటు దాటించే ధైర్యం చేయలేదు. ఒకరోజు తనే లీష్ అందుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఒరేయ్, వీడు నన్ను లాగట్లేదురా, నేనే వీణ్ణి లాక్కొచ్చాను!" అంది. ఆ సంతోషంలో నేను కనబడిన కుక్కల యజమానులందరికీ ఇదే కొనమని, లీష్ ఎవరి చేతికైనా ఇవ్వొచ్చని చెప్పాను.

ఆ తర్వాత మెల్లగా తెలిసినవి కొన్నున్నాయి. లాగడం తగ్గింది గానీ పోలేదు. తెలివైన కుక్క కొన్నాళ్లకి ఒళ్లు కాస్త ఏటవాలుగా పెట్టి, ఒక భుజం వాల్చి లాగడం నేర్చుకుంటుంది. మావాడు నేర్చుకున్నాడు. లీష్ బిగుసుకోగానే ఆగడం, వదులవగానే మళ్లీ నడవడం, మోకాలి పక్కన ఉన్నప్పుడు ఒకటి రెండు సెకన్లలోపే ట్రీట్ పెట్టడం అనే విసుగు పుట్టే పనులు నెలల తరబడి చేస్తేనే ఆ వాలు నడక పోయింది. వాసన చూడ్డానికి కూడా వాడికంటూ టైమ్ ఇవ్వాలి. ముక్కుకి పని దొరికిన రోజున కాళ్లకి తొందర తక్కువ. ఆ ట్రీట్లు కూడా రోజువారీ తిండిలోంచే తీసి పెట్టమన్నారు ట్రైనర్. ఆ మాటకి మళ్లీ వస్తాను.

ఇంకొకటి, పట్టీలు. ముందు కాలి చంకలో పట్టీ రాసుకుని వెంట్రుకలు ఊడాయి, చర్మం ఎర్రబడింది. పొట్ట పట్టీని మోచేతి నుంచి కాస్త వెనక్కి జరిపాక తగ్గింది. తడిసిన హార్నెస్‌ని అలాగే ఉంచితే ఇంకా త్వరగా ఒరుస్తుంది. ఇంటికి రాగానే విప్పేసి చంకల్లో, మెడ కింద, చెవుల వెనక వేళ్లు పెట్టి చూడ్డం అప్పుడే అలవాటైంది. పిడుదులు దాక్కునేది కూడా అక్కడే, కాబట్టి ఒకే చూపులో రెండు పనులు అయిపోతాయి. భుజాల కదలిక సంగతికొస్తే, ఛాతీకి అడ్డంగా పట్టీ ఉండే రకం కన్నా వై ఆకారంలో ఉండేది మంచిదని అందరూ అంటారు. నేనూ అలా అని నమ్మే కొన్నాను. అయితే 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు రకాలూ భుజం ముందుకు చాచే మేరను తగ్గించాయి, అదీ వై రకమే ఎక్కువ తగ్గించింది. కాబట్టి "భుజాలకి పూర్తి స్వేచ్ఛ" అన్న ప్రకటనను నేనిప్పుడు పట్టించుకోను. రోజుకి రెండు నడకలకి వాడి విప్పేస్తాం గనక పెద్దగా టెన్షన్ పడను. రోజంతా ఒంటి మీదే ఉంచేవాళ్లు మాత్రం ఒకసారి ఆలోచించాలి.

ఇక అసలు కథ. దీనికి ముందు వాడి బరువు సంగతి చెప్పాలి.

నడక బాగుపడ్డాక మా డాక్టర్ వాడి పక్కటెముకల మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపారు. కుక్క ఒంట్లో కొవ్వు ఎంతుందో చెప్పే తొమ్మిది మెట్ల కొలతలో నాలుగు, ఐదు సరైనవైతే మావాడు ఏడులో ఉన్నాడు. పై నుంచి చూస్తే నడుం ఉన్నట్టే తెలియలేదు. లాబ్రడార్ల ఆకలి వెనక జన్యు కారణం కూడా ఉంటుంది. పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడం దాదాపు ప్రతి నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రకటించారు. మావాడికి ఉందో లేదో పరీక్ష చేయించలేదు, గిన్నె నాకే తీరు చూస్తే మాత్రం ఉందనే అనిపిస్తుంది. 2002లో ప్రచురించిన దీర్ఘకాల అధ్యయనంలో, తోడబుట్టిన కుక్కల కన్నా నాలుగో వంతు తక్కువ తిండి తిన్న లాబ్రడార్లు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. అది విన్నాక ఇంట్లో ఎవరూ తిండి తగ్గించడాన్ని అడ్డుకోలేదు, అమ్మ తప్ప. కొలిచి పెట్టడం, ట్రీట్లను అందులోంచే తీయడం మొదలుపెట్టాం. వాడు నెమ్మదిగా 33 కిలోలకు వచ్చాడు.

బరువు తగ్గుతున్నకొద్దీ హార్నెస్ బిగిస్తూ వచ్చాం. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు పట్టాలన్నది లెక్క, ఇంటి దగ్గర సరిగ్గా పట్టేవి. అరగంట నడిచాక చూస్తే నాలుగు వేళ్లు పట్టేవి. సర్దుబాటు చేసే ప్లాస్టిక్ బకిల్‌లోంచి నున్నటి నైలాన్ పట్టీ కొంచెం కొంచెంగా జారుతోందన్నమాట. కొత్తలో గట్టిగానే పట్టేది. ఉతికి ఉతికి పట్టీ నున్నబడ్డాక మొదలైందీ జబ్బు. కంపెనీకి రాస్తే చిన్న సైజు కొనుక్కోమని జవాబొచ్చింది. నేను అడిగింది సైజు గురించి కాదు.

ఒక సాయంత్రం నడుస్తుండగా వెనక లారీ టైరు పేలింది. దేనికీ బెదరని మావాడు ఒక్కసారిగా నావైపు తిరిగి, తల వంచి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఛాతీ రింగు గుట్టు ఇక్కడే బయటపడుతుంది. కుక్క ముందుకు లాగినప్పుడు దాన్ని ఆపే రింగే, కుక్క మనకు ఎదురుగా నిలబడి వెనక్కి పోతుంటే మొత్తం హార్నెస్‌ని తల మీదుగా ఒలిచేస్తుంది. లీష్ మన చేతిలో ఉంటుంది, హార్నెస్ లీష్‌కి ఉంటుంది, కుక్క మాత్రం అందులో ఉండదు. నేను చూస్తుండగానే హార్నెస్ మెడ పట్టీ చెవుల మీదికి వచ్చేసింది, ఒక ముందు కాలు బయటికి వచ్చేసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన ఒకాయన "గట్టిగా లాగండి సార్, లాగండి!" అని అరుస్తున్నాడు. లాగితే ఆ మిగిలిన కాలు కూడా వచ్చేస్తుంది.

వాణ్ణి ఆపింది హార్నెస్ కాదు. ఛాతీ రింగుకీ మెడ బెల్ట్‌కీ మధ్య కట్టిన జానెడు పట్టీ. రెండు వైపులా కొక్కేలుండే ఆ పట్టీ హార్నెస్‌తో పాటు రాదు, విడిగా కొనుక్కోవాలి. మా ట్రైనర్ మొదటిరోజే పట్టుబట్టి కొనిపించారు. హార్నెస్ ఊడినా అది బెల్ట్‌ని పట్టుకుని ఉంది. నేను లీష్ వదులు చేసి, వాడికి ఎదురు వెళ్లకుండా పక్కగా నడిచి, ఒంగి కూర్చున్నాను. వెనక్కి లాగడానికి ఆనేదేమీ లేకపోయేసరికి వాడు ఆగాడు. వణుకుతున్నాడు. బెల్ట్ అందుకున్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. రద్దీగా ఉన్న రోడ్డు పక్కన బెదిరిన పెద్ద కుక్క తప్పించుకుంటే దానికే కాదు, దాన్ని తప్పించబోయే బండివాడికీ ప్రమాదమే.

నా కడుపుమంట అంతా ఇక్కడే. ఛాతీ రింగు పెట్టి అమ్మేవాళ్లకి, కుక్క వెనక్కి నడిస్తే ఏమవుతుందో తెలియకుండా ఉండదు. ఆ జానెడు పట్టీ డబ్బాలోనే పెడితే వాళ్లకి అయ్యే ఖర్చెంత? సూచనల కాగితంలో వీపు మీద హ్యాండిల్ గురించి పేరా మొత్తం రాశారు, దీని గురించి ఒక్క ముక్క లేదు.

తర్వాత చేసిన మార్పులు చిన్నవే. పట్టీ సరైన చోట ఉన్నప్పుడు బకిల్ అంచు దగ్గర మార్కర్‌తో గీత గీశాను. గీత కనబడకపోతే జారిందని అర్థం, గేటు దగ్గరే బిగిస్తాను. సర్దిన తర్వాత మిగిలిన కొసని మడిచి కుట్టించాను, అది ఇక బకిల్‌లోంచి పూర్తిగా జారిపోదు. రెండు కొక్కేల లీష్ తీసుకున్నాను, ఒకటి ఛాతీ రింగుకి, ఇంకొకటి వీపు రింగుకి. బెదిరితే వీపు వైపే పట్టుకుంటాను. తాడు దానంతటదే సాగి చుట్టుకునే లీష్‌ని మాత్రం ఛాతీ రింగుకి తగిలించకండి. అది ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది, లీష్ వదులుగా ఉండాలని కుక్కకి నేర్పుతున్నదంతా వృథా అవుతుంది.

అమ్మ ఇప్పుడు ఒక్కతే వాణ్ణి తీసుకెళ్లడం లేదు. పొద్దున్నే బండ్లు లేనప్పుడు, నేను పక్కన ఉంటే పట్టుకుంటుంది. వద్దని నేను చెప్పలేదు, టైరు సంగతి విన్నాక తనే మానేసింది. కాబట్టి "ఎవరి చేతికైనా ఇవ్వొచ్చు" అని నేను అప్పట్లో చెప్పిన మాటను, బండ్లు లేని వీధికీ, పట్టుకునేవాళ్ల చేతి బలానికీ లోబడి తీసుకోండి.

మళ్లీ కొంటానా? కొంటాను, కానీ నా కుక్క మావాడి లాంటిదైతేనే. ఉత్సాహం ఎక్కువ, బెదురు తక్కువ, ట్రీట్ చూపిస్తే ప్రపంచాన్ని మరిచిపోయే రకానికి ఈ రింగు బాగా పనికొస్తుంది. చిన్న చప్పుడికే వెనక్కి జంకే కుక్క అయితే, పక్కటెముకల వెనక మూడో పట్టీ కూడా ఉండే రకం చూసుకోండి, అది వెనక్కి నడిచినా అంత తేలిగ్గా ఊడదు. ఛాతీ లోతుగా, నడుం సన్నగా ఉండే డాబర్‌మాన్ లాంటి జాతులకి ఎలా పడుతుందో నేను వాడి చూడలేదు. ఎదిగే పిల్లకైతే ఇంత ఖరీదైనది వద్దు, నెల తిరక్కుండానే బిగుతైపోతుంది. మీ కుక్క బరువు తగ్గించే పనిలో ఉంటే తగ్గాకే కొనండి, ఈలోగా అరువు తెచ్చుకున్నదైనా సరిపోతుంది, ఆ జానెడు పట్టీ మాత్రం సొంతంగా కొనుక్కోండి.