రోటాహేలరా, స్పేసర్ పెట్టిన పంపా, నెబ్యులైజరా: ఉబ్బసానికి ఏది మేలు?

మందుల దుకాణంలో నిలబడే నాకు చలికాలం వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. డాక్టరు చీటీలో రాసింది ఒకటి, పక్కింటివాళ్లు వాడేది ఇంకొకటి. వాటిలో బలమైనది ఏదో చెప్పమంటారు. మందు మూడింటిలోనూ చాలావరకు ఒకటే: శ్వాసనాళాల వాపు తగ్గించడానికి బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్, బిగుసుకున్న నాళాలను సడలించడానికి సాల్బుటమాల్ లేదా ఫార్మోటెరాల్. తేడా ఎక్కడంటే, ఆ మందు ఊపిరితిత్తుల దాకా ఎవరి బలంతో చేరుతుందన్న దగ్గర.

రోటాహేలర్‌లో ఆ బలమంతా రోగిదే. క్యాప్సూల్ పెట్టి తిప్పితే అది రెండుగా విడిపోతుంది, పొడిని లోపలికి లాగవలసింది మన ఊపిరే. గట్టిగా, వేగంగా పీల్చాలి. ధర తక్కువ. పారదర్శకంగా ఉంటుంది కనుక పొడి మిగిలిందో లేదో కంటికి కనిపిస్తుంది. ఆయాసం అదుపులో ఉన్న పెద్దవాళ్లు రోజూ వాడుకోవడానికి నిక్షేపంగా పనికొస్తుంది.

ఆయాసం వచ్చిన రోజు సంగతి వేరు. తరచూ మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన మందు పనిచేయడం లేదని చెబితే, అక్కడే పీల్చి చూపించమన్నాను. ఛాతీలో పిల్లికూతలు నాకే వినిపిస్తున్నాయి. పీల్చాక పరికరం విప్పి చూస్తే, క్యాప్సూల్ చిప్పలో సగం పొడి అలాగే ఉంది. మందు అత్యవసరమైన గంటలోనే పీల్చే శక్తి సన్నగిల్లుతుంది. నా దృష్టిలో నిర్ణయించవలసిన విషయం ఇదే. దీనికి తోడు వానాకాలంలో క్యాప్సూళ్ల సీసా మూత సరిగా పెట్టకపోతే పొడి చెమ్మగిల్లి గడ్డకడుతుంది.

పంపులో, అంటే నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్‌లో, మందును తోసే పని అందులోని వాయువు చేస్తుంది. అయితే ఆ వేగానికి మందు చాలావరకు గొంతుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. నొక్కడమూ పీల్చడమూ ఒకే క్షణంలో కుదరడం అందరికీ చేతకాదు. బాగా వాడినవాళ్లలో కూడా ఊపిరితిత్తులకు చేరేది సుమారు 10 నుంచి 20 శాతమే. పంపు మూతికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం, అంటే స్పేసర్, ఈ రెండు ఇబ్బందులనూ తీరుస్తుంది. మందు ఆ గొట్టంలో కాసేపు నిలుస్తుంది, పెద్ద తుంపరలు గోడకు అంటుకుంటాయి, సన్నవి మామూలు శ్వాసతోనే లోపలికి వెళతాయి. చిన్నపిల్లలకు మాస్క్ తగిలించి అయిదారు శ్వాసలు తీసుకోనిస్తే చాలు. రోగి నుంచి ఏ శక్తీ అడగదు కనుక, ఒక్కటే కొనగలిగితే ఇదే కొనమంటాను.

వాడకంలో కొన్ని మెలకువలు ఉన్నాయి. పంపును బాగా ఊపాలి. ఒకసారి నొక్కి పీల్చాకే రెండోసారి నొక్కాలి, రెండు పఫ్‌లు కలిపి గొట్టంలో నింపకూడదు. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మందును లాక్కుంటుంది. స్టెరాయిడ్ పంపు వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నాలుక మీద తెల్లని పూత వస్తుంది. పంపు మీద లెక్క చూపే అంకె లేకపోతే ఎన్ని పఫ్‌లు వాడారో రాసుకోండి. మందు అయిపోయాక కూడా వాయువు వస్తూనే ఉంటుంది, ఊపి చూస్తే తెలియదు.

నెబ్యులైజర్‌కు కరెంటు కావాలి, పది నిమిషాలు కూర్చోవాలి, ప్రతిసారీ కడగాలి. పొగమంచులా వస్తుంది కనుక అదే బలమైనదన్న నమ్మకం జనంలో ఉంది. తీవ్రత మరీ ఎక్కువ కాని ఆయాసంలో స్పేసర్ పెట్టిన పంపు దానితో సమానంగా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆక్సిజన్ అవసరమయ్యే స్థితిలో ఆసుపత్రిలో నెబ్యులైజర్ స్థానం దానిదే.

సాల్బుటమాల్ మాత్ర గురించి ఒక్క లెక్క చాలు. 4 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 100 మైక్రోగ్రాముల పఫ్‌లు 40తో సమానం. చేతులు వణకడం, గుండెదడ అందుకే. మృగశిర కార్తెకు నాంపల్లిలో వేసే చేప మందుకు శాస్త్రీయమైన రుజువు లేదు. వేయించుకున్నా పంపు మాత్రం మానకండి.

పంపుకు అలవాటు పడిపోతామన్న భయంతో చాలామంది స్టెరాయిడ్ పంపు పక్కన పెట్టి, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్ కొట్టుకుంటారు. వాపు లోపల అలాగే ఉంటుంది. పెద్దవాళ్లకూ కౌమారంలో ఉన్నవాళ్లకూ సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడం తగదని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. పరుపులోని దుమ్ము పురుగులు, బొద్దింకలు, దోమల చుట్ట పొగ ఇంట్లో ఉన్నంతకాలం ఆ వాపు రోజూ రేగుతూనే ఉంటుంది.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా పరికరాల మధ్య ఎంచుకుంటూ కూర్చోకండి. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఇస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి.