సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నారా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బానెట్ తెరిపించండి

హన్మకొండ, వరంగల్, కాజీపేట వైపు పాత కారు చూస్తున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. ఇంజన్ ఓవర్‌హీట్ అయ్యే కారును, ట్రయల్‌లో ఆ సంగతి బయటపడకుండా తయారుచేసి నాకు అంటగట్టారు. పేరు రాయడం లేదు. ఎలా దాచారో మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పద్ధతులు ఏ కారుకైనా చేయొచ్చు.

2017 మోడల్ పెట్రోల్ బండి, డీలర్ దగ్గర కొన్నాను. హంటర్ రోడ్డు మీద ట్రయల్ వేస్తే ఏ లోపమూ కనిపించలేదు. తర్వాత ఇంట్లోవాళ్లతో హైదరాబాద్ బయల్దేరితే, స్టేషన్ ఘన్‌పూర్ దాటి రఘునాథపల్లి దగ్గరికి వచ్చేసరికి ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. కాసేపటికే ఎర్ర లైటు వెలిగింది. ఈ బండికి టెంపరేచర్ ముల్లు లేదు, లైటు ఒక్కటే. చాలా కార్లలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి హద్దు దాటితే ముందుగా ఏసీ కంప్రెసర్ దానంతటదే ఆగిపోతుంది. మన మే నెల ఎండల్లో అది జరిగితే ఏసీ గ్యాస్ అయిపోయిందేమో అనుకుని అలాగే లాగించకండి. పక్కకు ఆపి ఇంజన్ ఆఫ్ చేయండి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ ఉండబట్టే 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే అది ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

బండిని టో చేయించి తెచ్చాక మెకానిక్ చూసి, "అన్నా, దీంట్ల థర్మోస్టాట్ వాల్వే లేదు. తీసి పడేసిండ్రు. ఫ్యాన్ గూడ డైరెక్ట్ ఇచ్చిండ్రు" అన్నాడు. అసలు జబ్బు హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాక్‌కీ దాని పైనున్న సిలిండర్ హెడ్‌కీ మధ్య ఉండే సీల్. సిలిండర్‌లో మండిన గ్యాస్ కూలెంట్ దారిలోకి దూరి, కూలెంట్‌ను బయటికి నెట్టేస్తోంది. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు. అది తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూ ఉంటే ఇంకా ఆలస్యం. నాలుగైదు కిలోమీటర్ల ట్రయల్‌లో ఏం తెలుస్తుంది? హైవే మీద, లోడ్‌తో, ఏసీతో పోయినప్పుడే బయటపడుతుంది. రిజర్వాయర్‌లో ఉన్నది కూడా కూలెంట్ కాదు, రంగు కలిపిన నీళ్లు. అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుపోయి ఉంది. లీకులు ఆపే మందు పోసినట్టున్నారు. అది రేడియేటర్‌లోని సన్న గొట్టాలను కూడా మూసేస్తుంది.

అందుకే చెప్తున్నా, బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, రాత్రంతా స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు బేరం వద్దు. చల్లగా ఉంటేనే మూత తీసి కూలెంట్ చూడండి. తుప్పు రంగు, నూనె తెట్టు, మడ్డి ఉండకూడదు. ఏసీ ఆఫ్‌లో పెట్టి స్టార్ట్ చేయించండి. చల్లని ఇంజన్‌కి అప్పుడే ఫ్యాన్ తిరుగుతోందంటే ఎందుకో అడగండి. స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాలకే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లటి పొగ వస్తున్నా అంతే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే ఇంక ట్రయల్ కూడా అక్కర్లేదు.

చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే పరికరం) ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే మేలు. పదిహేను నిమిషాలు నడిపాక కూలెంట్ దాదాపు 85 నుంచి 100 డిగ్రీల మధ్య నిలబడాలి. అరవైల్లోనే తచ్చాడుతుంటే థర్మోస్టాట్ లేనట్టో, తెరుచుకుని బిగుసుకుపోయినట్టో అనుకోవచ్చు. ఎర్రర్ కోడ్‌లు ఏమీ లేవని సంబరపడకండి, వాటిని ముందురోజే చెరిపేసి ఉండొచ్చు. అలా చెరిపితే రెడీనెస్ టెస్టులు (కారు కంప్యూటర్ దానంతటదే చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తుంది, అది కూడా అడిగి చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లకు ఒక మాట. కూలెంట్ తగ్గుతోందంటే ప్రతిసారీ హెడ్ పోయినట్టు కాదు. హోస్ క్లిప్, వాటర్ పంప్ సీల్, ప్రెషర్ పట్టని మూత, వీటిలో ఏదైనా కావచ్చు, ఇవి చిన్న ఖర్చుతో పోతాయి. ఇంజన్ విప్పుతానని ఎవరైనా అంటే ముందు ప్రెషర్ టెస్ట్, ఆ తర్వాత కూలెంట్‌లోకి మండిన గ్యాస్ వస్తోందేమో చూసే గ్యాస్ లీక్ టెస్ట్ చేయించండి. లీక్ టెస్ట్‌లో నీలం ద్రవం పసుపు రంగుకి తిరిగితేనే గ్యాస్కెట్ అని ఒప్పుకోండి. నా బండికి కళ్లముందే తిరిగింది. హెడ్ కూడా వంగింది, లేత్‌లో ఫేసింగ్ చేయించాల్సి వచ్చింది. ఇంకో సంగతి, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర బోరు నీళ్లలోని ఉప్పు రేడియేటర్ లోపల గారలా పేరుకుపోతుంది.

డీలర్‌ను అడిగితే "ఎట్లున్నదో అట్లనే అమ్మినం" అన్నాడు. లోపం తెలిసి దాచి అమ్మితే ఆ ఒక్క మాటతో తప్పించుకోలేరు. డీలర్ దగ్గర సొంతానికి కొన్నవాళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, కమిషన్‌కి కూడా వెళ్తున్నాను. మీరు కొనేటప్పుడు "ఇంజన్ ఓవర్‌హీట్ కాలేదు, హెడ్ విప్పలేదు" అని రసీదు మీదే రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

లీక్ టెస్ట్ వీడియో, థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఖాళీగా ఉన్న ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. బండి చూడటానికి వెళ్తున్నవాళ్లు ఎవరైనా అడిగితే పంపిస్తాను.