నోటిలోని లైకెన్ ప్లానస్‌కు ట్రయామ్‌సినొలోన్ పేస్ట్: ఎనిమిది నెలలు వాడాక

మా అమ్మకు మణికట్ల మీద ఊదారంగు దద్దుర్లు వచ్చి దురద మొదలైన కొన్ని వారాలకే, అన్నంలో కాస్త కారం తగిలినా బుగ్గల లోపల మంట పుట్టసాగింది. నోటిపూతే కదా అని బి-కాంప్లెక్స్ మాత్రలతో సరిపెట్టాం. చివరికి చర్మవైద్యురాలు టార్చిలైటు వేసి, బుగ్గ లోపల లేసు అల్లినట్టున్న తెల్లని గీతలను నాకూ చూపించి, చేతుల మీదిదీ నోటిలోదీ ఒకే జబ్బని, దాన్ని లైకెన్ ప్లానస్ అంటారని చెప్పారు. అప్పటికే అమ్మ తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది. "ఇది అంటుకునేది కాదమ్మా, మన రోగనిరోధక కణాలే మన చర్మం మీద, నోటి లోపలి పొర మీద దాడి చేస్తాయి" అని డాక్టరుగారు చెప్పాకే వాటిని మళ్ళీ అందరి గిన్నెలతో కలిపింది. బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) నిర్ధారణ అయ్యాక రాసిచ్చిన మందు 0.1 శాతం ట్రయామ్‌సినొలోన్ నోటి పేస్ట్.

ఇది స్టెరాయిడ్ మందు. తడిగా ఉండే చోట కూడా అతుక్కుని ఉండేందుకు ఇందులో జిలటిన్, పెక్టిన్ వంటివి కలుపుతారు; జిలటిన్ జంతువుల నుంచి వచ్చేది కనుక శాకాహారులు ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. మందు ఎంత మంచిదైనా, రాసే పద్ధతి తెలియకపోతే దండగే. మందుల షాపులో ఎవరూ ఏమీ చెప్పలేదు, ట్యూబుతో వచ్చిన కాగితంలో చీమతలంత ఇంగ్లిషు అక్షరాలే తప్ప తెలుగు ముక్క లేదు. అమ్మ రెండు వారాలు బామ్ రుద్దినట్టు రుద్దితే, అది ఇసుకలా పలుకులు పలుకులుగా విడిపోయి గొంతులోకి జారిపోయింది. తర్వాత ఒక దంతవైద్యుడు నేర్పారు: దూదితో తడి అద్ది, పెసరగింజంత పేస్టును పుండు మీద పెట్టి, రుద్దకుండా, నున్నటి జారుడు పొర ఏర్పడేదాకా మెల్లగా నొక్కాలి. భోజనాల తర్వాతా, పడుకునే ముందూ రాసి, అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు.

అలా రాయడం మొదలుపెట్టిన మూడో వారానికి ఎర్రని పుండ్లు మానాయి, అమ్మ పప్పన్నం మంట లేకుండా తినగలిగింది. తెల్లని గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి పోతాయని ఆశపడవద్దు. చిగుళ్ళ మీద పేస్టు సరిగా నిలవదు. మూడో నెలలో నాలుక మీద తెల్లని ఫంగస్ పూత వచ్చి, దానికి వేరే మందు వాడాల్సి వచ్చింది. నురగ తక్కువ వచ్చే, సోడియం లారిల్ సల్ఫేట్ లేని టూత్‌పేస్టుకు మారడం కూడా చాలా మేలు చేసింది.

నోటిలో ప్రతి పుండుకీ ఇది మందు కాదు. వైరస్ వల్ల వచ్చే పుండ్లను స్టెరాయిడ్ ముదరనిస్తుంది. పెంఫిగస్ అనే ప్రమాదకరమైన పొక్కుల జబ్బు తరచుగా నోటిలోనే మొదలవుతుంది, దానికి పైపూత సరిపోదు. కాబట్టి నిర్ధారణ కాకుండా కొనవద్దని గట్టిగా చెబుతాను. నోటి లైకెన్ ప్లానస్ నూటికి ఒకరిలో ఏళ్ళ తరబడిన మీదట క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది గనుక, మంట తగ్గినా ఆరు నెలలకోసారి అమ్మను చూపిస్తున్నాను.