"మనం మనం ఒకటే" అంటూ వచ్చి నొప్పి మందు అమ్మేవాళ్లతో జాగ్రత్త

ముందు అత్యవసరమైన మాట. నడుం నొప్పికో కీళ్ల నొప్పికో "పూర్తిగా మూలికలే" అని ఎవరో ఇచ్చిన క్యాప్సూల్స్ కొన్ని వారాలుగా వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి ఇవాళే మానేయకండి. సీసా చేత్తో పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎందుకో కింద చెప్తాను.

నాకు ఆరేళ్లుగా నడుం నొప్పి. డిస్కు జారింది, కుడికాల్లోకి నరం లాగేసేది, ఆపరేషన్ చేశారు. తర్వాత తీసిన స్కాన్‌లో అంతా బాగుందన్నారు. నొప్పి మాత్రం పోలేదు. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారని, గాయం మానిపోయాక కూడా నరాలు అలారం మోగిస్తూనే ఉండొచ్చని ఫిజియోథెరపిస్టు చెప్పారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ-11లో దీనికి ప్రత్యేకంగా కోడ్ కూడా ఉంది. ఇంట్లోవాళ్లకి ఇదంతా చెప్పి చూశాను. "స్కాన్ బాగానే ఉంది కదా" దగ్గరే వాళ్లు ఆగిపోయేవాళ్లు. వాళ్లనీ తప్పుపట్టలేను. పైకి ఏమీ కనబడదు మరి.

అలాంటి రోజుల్లో తెలిసినవాళ్లు నన్ను నొప్పితో బతికేవాళ్ల గ్రూపులో చేర్చారు. మొదటి రాత్రే ఒకావిడ, చేతిలోంచి జారిన చెంచాని వంగి తీసుకోలేక కాలితో మంచం కిందికి తోసేశానని రాసింది. నిమిషాల్లో పదిమందికి పైగా "నేనూ అంతే" అన్నారు. నా మంచం కింద అప్పటికి ఒక పెన్ను, రెండు క్లిప్పులు ఉన్నాయి. చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వాను. ఇది చెప్పకుండా మిగతాది చెప్తే గ్రూపులన్నీ మోసమే అనుకుంటారు. కాదు. ఆ రాత్రి నాకు దొరికింది నిజమైనదే.

ఆ గ్రూపులోనే ఒక అక్క ఉండేది. అందరూ అక్కా అనే పిలిచేవాళ్లు. తనకీ నాలాగే ఆపరేషన్ అయిందని చెప్పింది. రోజూ పొద్దున్నే "లేచావా, కాలు ఎలా ఉంది?" అని అడిగేది. ఏ కాలో కూడా గుర్తుపెట్టుకునేది! రెండు నెలలపాటు మందు ఊసే ఎత్తలేదు. మీరు గమనించాల్సింది ఇదే. మొదటి రోజే సీసా చూపించేవాడిని మనం ఇట్టే పసిగడతాం. రెండు నెలలు మన కాలి గురించి అడిగిన మనిషిని ఎలా అనుమానిస్తాం?

ఒక వారం నొప్పి బాగా ముదిరింది. నాలుగు రాత్రులు నిద్ర లేదు. అప్పుడు అక్క ఫోన్ చేసింది. "నాకు తగ్గింది దీంతోనేరా. నేనేం అమ్మట్లేదు, మనవాళ్ల కోసం తెప్పించి ఇస్తున్నానంతే. మూడు నెలల కోర్సు, డబ్బు ముందే కట్టాలి. గ్రూపులో మాత్రం చెప్పకు, అందరికీ సరిపడా లేవు." ఆ చివరి మాటకైనా నాకు అనుమానం రావాల్సింది. కానీ నాలుగు రాత్రులు నిద్రలేని మనిషి బుర్ర అలా పనిచేయదు.

వచ్చిన తెల్ల సీసా మీద బ్యాచ్ నంబర్ లేదు, గడువు తేదీ లేదు, తయారుచేసినవాళ్ల చిరునామా లేదు. ఆకుపచ్చ ఆకు బొమ్మ ఒకటి మాత్రం ఉంది.

మూడో రోజుకి నొప్పి పోయింది. తగ్గడం కాదు, పోయింది. మెట్లు ఎక్కి దిగి, మళ్లీ ఎక్కాను. ఏడ్చేశాను కూడా. అక్క అడిగితే గ్రూపులో నా అనుభవం రాశాను, అది చదివి ఇద్దరు కొన్నారు. ఈ పోస్టు రాయడానికి సగం కారణం ఆ ఇద్దరే.

నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఆకలి విపరీతం, నిద్ర తక్కువ. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోయేది. అక్కని అడిగితే "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, మంచి సూచన" అంది. రెండో నెల చివర్లో వేరే పనికి రక్త పరీక్ష చేయించుకుంటే షుగర్ బాగా ఎక్కువ వచ్చింది. అంతకుముందు నాకు షుగర్ లేదు. డాక్టర్ నా ముఖం చూసి మొదట అడిగిన ప్రశ్న "స్టెరాయిడ్ ఏమైనా వాడుతున్నారా?" లేదన్నాను. సీసా చూపించమన్నారు. పొద్దున్నే రక్తం తీయించి కార్టిసాల్ అనే హార్మోన్ చూస్తే అట్టడుగున ఉంది.

ఆయన చెప్పింది నాకర్థమైనట్టు చెప్తాను. మన ఒంట్లో అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ తయారుచేస్తాయి. స్టెరాయిడ్ మందు వారాల తరబడి బయటినుంచి వస్తుంటే అవి పని మానేస్తాయి. మందు ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే అందుకోలేవు. బీపీ పడిపోవడం, వాంతులు, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ఎంత మోతాదుతో మొదలుపెట్టి ఎలా తగ్గించాలో డాక్టరే చూడాలి. ఈ మోసం కొత్తదీ కాదు. కీళ్ల నొప్పులకని సప్లిమెంట్ల పేరుతో అమ్మిన కొన్ని మాత్రల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు లేబుల్ మీద రాయకుండా కలిపారని 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరికలు ఇచ్చింది. డైక్లోఫెనాక్‌తో కడుపులో రక్తస్రావం, కిడ్నీ సమస్యలు రావచ్చు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకి ఇంకా ప్రమాదం.

నేను గ్రూపులో ఇదంతా రాశాను. పది నిమిషాల్లో నా మెసేజ్ తీసేశారు, నన్నూ తీసేశారు. అడ్మిన్ అక్కే అని అప్పుడు తెలిసింది. డబ్బు అడిగితే "నమ్మకం లేనివాళ్లకి ఏ మందూ పనిచేయదు" అని బ్లాక్ చేసింది. డబ్బు పోయినందుకు అంత బాధ లేదు. పొద్దున్నే ఆ ప్రశ్న ఆగిపోయినందుకు, సిగ్గు లేకుండా చెప్తున్నా, వారం రోజులు ఏడ్చాను.

మన నొప్పికి ఒక స్వభావం ఉంది. పెరుగుతుంది, తగ్గుతుంది. బాగా ముదిరినప్పుడే మనం ఏదో ఒకటి కొంటాం. చాలాసార్లు ఆ తర్వాత అది ఎలాగూ కాస్త తగ్గుతుంది. పేరు మాత్రం కొన్నదానికి వస్తుంది. బెల్టులు, అయస్కాంతాల పరుపులు, నూనెలు, అన్నింటి సాక్ష్యాలూ సగం ఇలా పుట్టినవే అని నా అనుమానం. కానీ ఏళ్లనాటి నొప్పి మూడు రోజుల్లో మొత్తం మాయమైతే మాత్రం అది మూలికల మహిమ అనుకోకండి, లోపల ఏముందో అని భయపడండి.

అలాగని తోడు వెతుక్కోవడం మానొద్దు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తయారైన స్వీయ నిర్వహణ శిక్షణ ఒకటుంది. వారానికోసారి రెండున్నర గంటలు, ఆరు వారాలు. నడిపేవాళ్లలో దీర్ఘకాలిక జబ్బుతో బతికేవాళ్లే ఉంటారు. పనిని ముక్కలు చేసుకోవడం, వారానికి ఒక చిన్న లక్ష్యం పెట్టుకోవడం, డాక్టర్‌తో ఎలా మాట్లాడాలి, ఇలాంటివి నేర్పుతారు. అద్భుతాలేమీ చెప్పరు. ఏ గ్రూపులో చేరినా నేనిప్పుడు మొదట చూసేది, "నాకు ఇది పనిచేయలేదు" అని రాసినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారా అని.

నన్ను తీసేశాక విడిగా ముగ్గురు మెసేజ్ పెట్టారు. అందులో ఒకరు నా పోస్టు చూసి కొన్న ఇద్దరిలో ఒకావిడ. క్షమించమని అడిగాను. "నేనూ ఇంకొకరికి చెప్పాను" అంది. ఇప్పుడు మేం నలుగురం ఆదివారం సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకుంటాం. నా నొప్పి మళ్లీ పాత చోటికే వచ్చింది. డాక్టర్ రాసిచ్చిన లెక్క ప్రకారం స్టెరాయిడ్ తగ్గిస్తున్నాను, షుగర్ దిగుతోంది.

నా పోస్టు చూసి కొన్న ఆ రెండో వ్యక్తి ఎవరో ఇంకా తెలియలేదు. ఆకుపచ్చ ఆకు బొమ్మ, తెల్ల సీసా, బ్యాచ్ నంబర్ లేనిది మీ దగ్గర ఉంటే పారేయకండి. మా రెండు సీసాలు ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదుతో పాటు ఇస్తున్నాం. మీదీ కలిపితే మంచిది. డబ్బు కట్టిన రసీదు, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు ఉంటే అవీ దాచండి. అక్క చాలావరకు తనే డిలీట్ చేసేస్తుంది.