దేశానికి కావాల్సినవి అన్నీ మనమే చేసుకోవడమా, ఒకటే చేసి రెండోది కొనుక్కోవడమా?

1817లో డేవిడ్ రికార్డో అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త వేసిన లెక్క చూడండి. కొంత బట్టకి ఇంగ్లండ్‌లో ఏడాదికి 100 మంది కావాలి, కొంత వైన్‌కి 120, పోర్చుగల్‌లో అయితే అంతే బట్టకి 90, అంతే వైన్‌కి 80 చాలు. రెండిట్లోనూ పోర్చుగలే ముందుంటే ఇక ఇంగ్లండ్‌తో దానికేం పని అనిపిస్తుంది కదా, నాకూ మొదట్లో అస్సలు ఎక్కలేదు.

ఎవరికి వాళ్ళు రెండూ చేసుకుంటే మొత్తం 390 మంది. అదే ఇంగ్లండ్ బట్ట ఒక్కటే, పోర్చుగల్ వైన్ ఒక్కటే డబుల్ చేసి మార్చుకుంటే 200 ప్లస్ 160, సరుకు అంతే కానీ 360 మందితో అయిపోద్ది, పోర్చుగల్‌ 90 మందితో నేసే బట్ట 80 మంది చేసే వైన్‌తోనే వచ్చేస్తుంది.

సొంతంగా చేసుకుంటే ఓడలు ఆగినా భయం లేదు, అదొక్కటే ప్లస్. రవాణా ఖర్చు, పని పోయే నేతగాళ్ళ కష్టం ఈ లెక్కలో లేవులెండి, అయినా నా ఓటు రెండోదానికే.