టైపింగ్ పని ఇస్తామన్నారు, చివరికి నాకే లాయర్ నోటీసు పంపారు

గాజువాకలో ఆటో ఎక్కుతూ కరెంటు స్తంభం మీద కాగితం చూశాను. ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ, నెలకు 18,000. పాప స్కూలు ఫీజు కట్టాల్సిన నెల, వెంటనే ఫోన్ చేశాను. ఇంటర్వ్యూ లేదు, ఏం చదువుకున్నారని కూడా అడగలేదు. రిజిస్ట్రేషన్‌కి 2,500 ఫోన్‌పే చేయమన్నారు. స్క్రీన్ మీద కంపెనీ పేరు కాదు, ఎవరో మనిషి పేరు వచ్చింది. చూసి కూడా పంపాను, నాదే బుద్ధి తక్కువ.

మసకమసకగా ఉన్న స్కాన్ కాగితాలు 600 పంపారు. వారంలో టైప్ చేయాలి, 90 శాతం కరెక్టుగా ఉంటేనే డబ్బులు. అది సున్నానో, ఇంగ్లీషు 'ఓ' అక్షరమో తెలియక ఫోన్‌లో జూమ్ చేసి చూస్తూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. రిపోర్టులో 62 శాతం అన్నారు. తప్పులెక్కడో చూపించమంటే చూపించరు. ఆ కాగితాలు ఎవరు చేసినా పాసయ్యేవి కావని ఇప్పుడు అర్థమైంది.

రెండు రోజులకు 'లాయర్' ఫోన్. అగ్రిమెంటు ప్రకారం 6,800 కట్టాలి, లేకపోతే కేసు. వాట్సాప్‌లో సింహాల గుర్తుతో నోటీసు. నాకు చేతులు వణికాయి. మా ఆయనకి చెప్పలేక పైవాటా అమ్మాయికి చూపించాను.

"రెండు గంటల్లో ఫోన్‌పే చేయమని ఏ కోర్టు అడుగుతుందక్కా?" అని నవ్వింది. తనూ ఇంటి నుంచే పని చేస్తుంది. రెండు ఇంటర్వ్యూలయ్యాక కంపెనీ మెయిల్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపారు. పీఎఫ్ జీతంలోంచి కట్ అవుతుంది తప్ప తను చేతి నుంచి రూపాయి కట్టలేదు.

ఆ 6,800 కట్టలేదు. తనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించింది. అప్పటికే డబ్బు పంపి 12 రోజులైంది. వెంటనే చెప్పి ఉంటే ఆ ఖాతాలో ఆపే అవకాశం ఉండేదట. చాటింగ్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు మాత్రం డిలీట్ చేయకండి, అన్నీ అడుగుతారు.

మద్దిలపాలెంలో మా ఆడపడుచుకి టెలిగ్రామ్‌లో ఇంకో రకం. వీడియోలకి లైక్ కొడితే 150 నిజంగానే వేశారు. ఆ నమ్మకంతో 'ప్రీపెయిడ్ టాస్క్' అని 5,000 కట్టింది, అంతే సంగతులు.

నిన్న అదే స్తంభానికి మళ్ళీ కాగితం అంటించారు. నంబరొక్కటే మారింది. చింపి పారేసి వచ్చాను.