రోడోక్రొసైట్ నగలు: లాకెట్టుకు బాగు, ఉంగరానికి వద్దు

గులాబీ రంగు కావాలనుకునేవాళ్లకు రోడోక్రొసైట్ కంటే అందమైన రాయి చూపించడం కష్టం. లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా దొరుకుతుంది. రంగు రాయిలోని మాంగనీసుదే, పైన అద్దింది కాదు. ఇది మాంగనీస్ కార్బొనేట్. కల్తీ లేని ఖనిజంలో బరువు ప్రకారం 47.8 శాతం మాంగనీసు ఉంటుంది. కాల్షియం కలిసేకొద్దీ రంగు పాలిపోతుంది, ఇనుము కలిస్తే గోధుమ ఛాయ వస్తుంది. అందానికి పూర్తి మార్కులు వేయొచ్చు. చిక్కంతా గట్టిదనం దగ్గరే. అందుకే ఏ నగలో కొంటున్నారన్నది రాయి నాణ్యత ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చూపే మోస్ స్కేలు మీద దీని గట్టిదనం 3.5 నుంచి 4. గాలిలో ఎగిరే మామూలు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, వాటి గట్టిదనం 7. అంటే దుమ్ము పట్టిన రాయిని పొడి గుడ్డతో గట్టిగా తుడిచినా మెరుగు పోతుంది. దీనికి తోడు ఈ స్ఫటికానికి మూడు దిక్కుల్లో నునుపుగా చీలే గుణం ఉంది. కాల్షియం కార్బొనేట్ ఖనిజమైన కాల్సైట్‌దీ ఇదే నిర్మాణం. దెబ్బ తగిలితే అంచు అరగడం కాదు, పెచ్చు లేచిపోతుంది.

కాబట్టి రోజూ పెట్టుకునే ఉంగరంగా దీన్ని కొనొద్దు. రాయిని నాలుగు లోహపు కొక్కేలతో పట్టి ఉంచే ఉంగరమైతే అసలే వద్దు, ఒత్తిడంతా ఆ నాలుగు చోట్లే పడి చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. బ్రేస్‌లెట్ కూడా అంతంత మాత్రమే. పూసలు ఒకదానికొకటి కొట్టుకుని రంధ్రాల అంచులు రాలుతాయి, చెమటా పెర్ఫ్యూమూ మెరుపును తగ్గిస్తాయి. పూసల దండ కావాలంటే పూసకీ పూసకీ మధ్య ముడి వేసి గుచ్చింది తీసుకోండి. లాకెట్టూ చెవి దుద్దులూ మాత్రం ఈ రాయికి సరైన చోట్లు. చుట్టూ లోహపు అంచు మడిచి బిగించిన లాకెట్టయితే ఏళ్ల తరబడి ఉంటుంది. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పి ఇవ్వండి: టంకం వేసే ముందు రాయిని తీసేయాలి. మంట తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదిలి నల్లబడుతుంది, ఇక ఆ రంగు తిరిగి రాదు.

తెల్ల, గులాబీ చారలున్న పలకలకు అర్జెంటీనాలోని కాటమార్కా ప్రాంతపు కాపిల్లితాస్ గని పేరుమోసింది. గుహ పైకప్పు నుంచి వేలాడే ఊడల్లా పెరిగిన రాళ్లను అడ్డంగా కోస్తే ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు కనిపిస్తాయి. ఆ దేశం దీన్ని జాతీయ రత్నంగా పెట్టుకుంది. పలక కొనేటప్పుడు వెలుతురుకు ఎదురుగా పట్టి, చారల వెంట సన్నని పగుళ్లున్నాయేమో చూడండి. కొన్ని చారలు గుల్లగా ఉంటాయి, పలుచగా కోసిన పలక అక్కడే విరుగుతుంది. అందుకే వెనక రెసిన్ పట్టించి అమ్ముతుంటారు. అది మోసం కాదు, చెప్పకుండా అమ్మితేనే తప్పు.

పారదర్శకంగా ఉండే ఎర్ర స్ఫటికాలు వేరే తరగతి. దక్షిణాఫ్రికాలోని హొటాజెల్ ప్రాంతం నుంచీ, అమెరికాలో కొలరాడో రాష్ట్రపు స్వీట్ హోమ్ గని నుంచీ వచ్చినవి వీటిలో పేరున్నవి. ఆ గనిలో 1992లో దొరికిన అల్మా కింగ్ అనే పెద్ద స్ఫటికం డెన్వర్ మ్యూజియంలో ఉంది. ముఖాలు తీర్చి సానపట్టిన రాయిని 10 రెట్ల భూతద్దంతో పైనుంచి చూస్తే వెనకవైపు అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తాయి. రాయిలోకి వెళ్లిన వెలుతురు రెండు కిరణాలుగా చీలి, వాటి వక్రీభవనంలో, అంటే వంగే తీరులో, తేడా 0.2 దాకా ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. గాజులో ఇది కనిపించదు. ఇలాంటి రాయి పెట్టెలో దాచుకోవడానికే, రోజువారీ వాడకానికి కాదు.

నకిలీలు ఎక్కువగా పూసల్లోనే ఉంటాయి. రంగు వేసిన కాల్సైట్, గాజు, రెసిన్ అన్నీ ఈ పేరుతో వస్తాయి. పూస రంధ్రం లోపలికి భూతద్దంతో చూడండి. రంగు పగుళ్లలో పేరుకుని, మిగతా చోట పలుచగా ఉంటే అనుమానించాలి. అసిటోన్‌లో ముంచిన దూదికి గులాబీ రంగు అంటితే ఇక కొనక్కర్లేదు.

విడి రాయికైతే సాంద్రత పరీక్షే నమ్మదగింది. గ్రాములో వందో వంతు చూపే త్రాసు ఉంటే చాలు. ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. పొడి బరువును ఇప్పుడు త్రాసు చూపే అంకెతో భాగించాలి. 18.5 గ్రాముల రాయికి 5.0 వస్తే సాంద్రత 3.7, అంటే రోడోక్రొసైట్‌కు సరిపోయింది. 6.8 దగ్గర వస్తే 2.7, అది కాల్సైట్ అయ్యే అవకాశం ఎక్కువ. తెల్ల చారలు బాగా ఉన్న అసలు రాయికి 3.7 కంటే కాస్త తక్కువే వస్తుంది. రాయికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పి సాంద్రత తక్కువగా కనిపిస్తుంది, వేలితో రుద్ది వాటిని వదిలించాలి. గ్రాము రెండు గ్రాముల చిన్న రాళ్లకు ఈ లెక్కను నమ్మలేం.

ఇలాగే గులాబీ రంగులో ఉండే రోడొనైట్ అనే రాయిని మాత్రం ఈ సాంద్రత పరీక్ష పట్టుకోలేదు, దాని సాంద్రత కూడా దాదాపు అంతే. అది మాంగనీస్ సిలికేట్, గట్టిదనం 5.5 నుంచి 6.5. సాధారణంగా నల్లని నరాలు పారి ఉంటుంది. సానపట్టని వెనకవైపు అంచుతో పాత గాజు ముక్క మీద గీయండి: రోడోక్రొసైట్ గాజును గీయలేదు, రోడొనైట్ చాలాసార్లు గీస్తుంది. యాసిడ్ చుక్క వేసి చూపిస్తామనేవాళ్లను ఆపండి. చల్లని పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఇది నెమ్మదిగానే పొంగుతుంది కానీ, పడిన చోట మెరుగు పోతుంది.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల మెత్తని సబ్బు, మెత్తని బ్రష్, అంతే. అల్ట్రాసోనిక్ యంత్రం, ఆవిరి రెండూ వద్దు. నిమ్మరసం, వెనిగర్ తగలనివ్వకండి. విడి గుడ్డ సంచిలో పెట్టండి, వేరే నగలతో కలిపితే వాటిలోని గట్టి రాళ్లు దీన్ని గీస్తాయి. సానపట్టని ముడి స్ఫటికాల పైన కాలం గడిచేకొద్దీ మాంగనీస్ ఆక్సైడ్ పొర ఏర్పడి గోధుమగా, నల్లగా మారుతుంది. వాటిని మూత ఉన్న పెట్టెలో ఉంచడం మేలు.

ఈ రాయిని నానబెట్టిన నీళ్లు తాగమని కొందరు అమ్మకందార్లు చెబుతారు, ఆ పని చేయొద్దు. ఇంట్లో కోసి రంధ్రం చేసుకునేవాళ్లు నీళ్లు పోస్తూనే కోయాలి, ధూళిని ఆపే మాస్కు తప్పనిసరి. మాంగనీస్ ధూళిని దీర్ఘకాలం పీలిస్తే నరాల వ్యవస్థ దెబ్బతింటుంది. కుండలకు గాజుపూత వేసేవాళ్లు వాడే మాంగనీస్ కార్బొనేట్ పొడికీ ఇదే జాగ్రత్త. పైగా అది బట్టీలో వాయువు వదులుతుంది కాబట్టి వేడి త్వరగా పెంచితే పూత మీద సూదిమొన రంధ్రాలు పడతాయి, పొగ బయటికి పోయే దారి కూడా ఉండాలి.